పాళీ మీద రాత, పాళీతో రాత
పాత ఇంకు పెన్ను కొనేవాళ్లకు: అపోహలు – వాస్తవాలు

ఇంకు పెన్ను చెయ్యి మారితే చెడిపోతుందన్న నమ్మకం మన ఇళ్లల్లో ఇంకా చెక్కుచెదరలేదు. బాల్‌పెన్ను అడిగితే ఇచ్చేసి మరిచిపోయేవాళ్లు కూడా పాళీ పెన్ను దగ్గరికొచ్చేసరికి జేబు మీద చెయ్యి వేసుకుంటారు. ఈ భయం వల్లే తాతగారి పార్కర్ బీరువాలో ఇంకు గడ్డకట్టి పడి ఉంటుంది. హైదరాబాద్ జుమ్మెరాత్ బజార్‌లో దుప్పటి మీద పరిచిన పెన్నుల్లో మంచిదొకటి కనిపించినా ‘ఎవరో రాసి పడేసింది’ అని దాటిపోతారు. భయం లేని రెండోరకం వాళ్లూ ఉన్నారు. వాళ్లు పాళీని వెలుతురుకి ఎత్తి, దానిమీద చెక్కిన అక్షరాలు చదువుతారు: 14కె, ఇరీడియం పాయింట్, జర్మనీ. చదివి డబ్బులిచ్చేస్తారు. నా లెక్కలో ఎక్కువ నష్టపోయేది ఈ రెండోవాళ్లే. పాత పెన్నులో ముందు చూడాల్సింది పాళీ మొన, అది గూట్లో కూర్చున్న తీరు. అక్షరాల సంగతి ఆ తర్వాత.

అపోహ: ఒకరి చేతికి అలవాటైన పాళీ ఇంకొకరికి పనికిరాదు

పాళీ కొసన ఆవగింజ కన్నా చిన్న గుండు ఒకటి ఉంటుంది. పాళీ బంగారానిదైనా స్టీలుదైనా కాగితాన్ని తాకేది ఈ గుండే. ఆస్మియం, రుథేనియం, టంగ్‌స్టన్, రీనియం లాంటి కఠిన లోహాల మిశ్రమాన్ని పాళీ కొసకి అతికి, నడిమికి కోసి, సాన పడతారు. పక్కవాడు ఒక పేజీ రాసినంత మాత్రాన దానికి ఏమీ కాదు.

అలాగని ఈ మాటలో రవ్వంత నిజం లేకపోలేదు. ఏళ్ల తరబడి ఒకే మనిషి ఒకే వాటంలో రాస్తే గుండు అడుగున ఒక చదును పుడుతుంది. అదే వాటంలో పట్టుకుంటే పెన్ను హాయిగా సాగుతుంది. కాస్త తిప్పి పట్టుకుంటే ఆ చదును అంచు కాగితాన్ని గీరుతుంది. చెయ్యి తిరిగినవాళ్లు సరిచేయగలిగిన లోపమే ఇది. గుండు పూర్తిగా అరిగిపోయో ఊడిపోయో ఒట్టి రేకు మిగిలితే మాత్రం ఆ పాళీకి నీళ్లొదులుకోవాల్సిందే. గడియారాలు బాగుచేసేవాళ్లు కంటికి తగిలించుకునే భూతద్దం లాంటిది జేబులో ఉంటే అంగడి దగ్గరే తేలిపోతుంది. చీలికకి అటొకటి ఇటొకటి, సగం గుండ్లు రెండూ సమంగా కనిపించాలి.

అపోహ: గరగరలాడే పాళీని గచ్చు మీద రుద్దితే దారికొస్తుంది

బడిలో అందరం చేసిన పనే ఇది. కానీ గరగరకి కారణం చాలాసార్లు గుండు కాదు. పెన్ను కింద పడినప్పుడో గట్టిగా నొక్కినప్పుడో పాళీ రెక్కల్లో ఒకటి వెంట్రుకవాసి పైకి లేస్తుంది. ఎత్తుగా ఉన్న అంచు గీరుతుంది, అంతే. గోటితో మెల్లగా నొక్కి రెండింటినీ ఒక మట్టానికి తెస్తే పోయేదానికి గచ్చు మీద రుద్దితే, ఏళ్లు పట్టే అరుగుదల నిమిషాల్లో అయిపోతుంది.

ఇంకు దిగడం లేదని చీలికలో బ్లేడు దూర్చడమూ ఇలాంటిదే. చీలిక కొసకి వచ్చేకొద్దీ సన్నబడుతూ ఉంటేనే ఇంకు తనంతట తాను మొన దాకా వస్తుంది. సైన్సు పాఠంలో కేశనాళికీయత అని చదువుకున్నది ఇక్కడ పనిచేస్తోంది. బ్లేడుతో కొసని వెడల్పు చేస్తే ఇంకు మొనకి చేరకుండా మధ్యలోనే ఆగుతుంది. పలచటి ఇత్తడి రేకు అయితే గోడల్ని కొయ్యదు. అసలు దానికన్నా ముందు నీళ్లు ప్రయత్నించాలి. రాయనని మొరాయించే పాత పెన్నులో సాధారణంగా అడ్డుపడి ఉండేది నాలికలోని ఎండిన ఇంకే. పాళీ కడుపుకి ఆనుకుని, సన్నటి గాళ్లతో నల్లగా ఉండే ముక్కే నాలిక. కంపెనీల భాషలో ఫీడ్. మొనని చల్లటి నీళ్లలో రాత్రంతా నాననిస్తే ఎన్నాళ్లదో నీలిరంగు తీగలు తీగలుగా దిగుతుంది. వేడినీళ్లు, స్పిరిట్ వద్దు. వేడికి ఎబొనైట్ అనే గట్టి రబ్బరు రంగు మారుతుంది, స్పిరిట్ సెల్యులాయిడ్‌ని తినేస్తుంది.

అపోహ: బంగారమైతే మెత్తన, ఇరీడియం ఉంటేనే అసలుది, రంధ్రం లేకపోతే నకిలీ

14కె అన్నా 585 అన్నా ఒకటే: వెయ్యి పాళ్లలో 585 పాళ్లు బంగారం. 18కె అయితే 750. ఒకప్పుడు పాళీకి బంగారం వాడటానికి గట్టి కారణమే ఉంది. ఆనాటి ఇంకుల్లో ఆమ్లం పాలు ఎక్కువ. మామూలు ఉక్కుని అది తుప్పు పట్టించి తినేసేది, బంగారాన్ని ఏమీ చేయలేకపోయేది. మంచి స్టెయిన్‌లెస్ స్టీలు వచ్చాక ఆ అవసరం చాలావరకు తీరింది. పాళీ వంగుతుందా లేదా అన్నది రేకు మందం, భుజాల ఆకారం, లోహాన్ని పదును పెట్టిన తీరు తేలుస్తాయి. పార్కర్ 51లో బంగారు పాళీని ఎంత నొక్కినా గీత లావెక్కదు. పైగా 51లన్నీ బంగారు పాళీలవీ కావు. 1950లో వచ్చిన ‘51 స్పెషల్’కి ఆక్టేనియం అనే స్టీలు మిశ్రమం పాళీ పెట్టారు. దాని మొన తప్ప మిగతాదంతా ముసుగులో ఉంటుంది కాబట్టి, ఇక్కడ అక్షరాలు చదివే వీలే లేదు!

‘18కెజిపి’ అని ఉంటే చివరి రెండక్షరాలే ముఖ్యం. అది బంగారు పూత, లోపలిది స్టీలు. అయస్కాంతంతో చూడమంటారు కొందరు. అంటుకుంటే బంగారం కాదని నిర్ధారించుకోవచ్చు. అంటుకోకపోతే మాత్రం ఏదీ తేలినట్టు కాదు, అయస్కాంతానికి స్పందించని స్టీలు కూడా ఉంది. ‘వారంటెడ్ 14కె’ అన్న ముద్ర నిజం బంగారానిదే కావచ్చు. కానీ అది ఏ కంపెనీ పెన్నుకైనా పెట్టగలిగే బజారు పాళీ. పేరున్న పెన్నులో అది కనిపిస్తే అసలు పాళీ ఎప్పుడో పోయిందని అర్థం.

ఇరీడియం మాట ఇప్పుడు అలవాటుగా మిగిలిన ముద్ర. ‘ఇరీడియం పాయింట్’ అని ఉన్న చాలా పాళీల గుండులో ఇరీడియం ఉండదు, అయినా అవి బాగానే రాస్తాయి. పాళీ మధ్య రంధ్రం గాలి పీల్చడానికని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. గాలి లోపలికి వెళ్లేది ప్రధానంగా నాలికలోని దారిగుండా. చీలిక అక్కడితో ఆగి, పగులు ఇంకా పైకి పాకకుండా రంధ్రం అడ్డుకుంటుంది. అది లేకుండా చక్కగా రాసే పాళీలూ ఉన్నాయి.

అపోహ: ముంచి రాసి చూస్తే పెన్ను బాగోగులు తెలిసిపోతాయి

అమ్మేవాళ్లు ఇష్టంగా చూపించే పరీక్ష ఇది. సీసాలో ముంచి, నాలుగు సంతకాలు పెట్టించి, చేతికిస్తారు. ముంచితే తెలిసేది పాళీ సంగతి మాత్రమే. నాలిక పూడుకుపోయినా, లోపల రబ్బరు తిత్తి పొడిపొడి అయిపోయినా ముంచిన ఇంకుతో కొన్ని వరుసలు దర్జాగా రాస్తుంది. వీలుంటే నింపించి, ఒక పేజీ రాయాలి. వీలు లేకపోతే, ఇంకు పీల్చే భాగం పనిచేయదనే అనుకుని బేరమాడాలి.

అలా అనుకున్నంత మాత్రాన భయపడాల్సిందీ లేదు. లీవర్ ఎత్తి ఇంకు నింపే పాత పెన్నుల్లో ఉండేది రబ్బరు తిత్తి. దశాబ్దాలకి అది బిరుసెక్కడం సహజం. కొత్త తిత్తులు దొరుకుతాయి. వాటి నంబరు అంగుళంలో 64వ వంతుల లెక్క, అంటే 16వ నంబరు తిత్తి పావు అంగుళం లావు. అతికించేది షెలాక్‌తో, మన చెట్ల మీది లక్క నుంచి వచ్చేదే. పార్కర్ 51లో 1948 నుంచి వచ్చిన ఏరోమెట్రిక్ రకానిది ప్లాస్టిక్ తిత్తి. అవి ఇప్పటికీ పనిచేస్తున్న పెన్నులు బోలెడు.

అపోహ: నంబరు కలిస్తే పాళీ కలుస్తుంది

పాళీ విరిగిన పెన్ను చౌకగా వచ్చింది, పాళీ మీద 6 అని ఉంది, ఇంకో 6 తెచ్చి పెట్టేస్తే సరి. వినడానికి బాగానే ఉంటుంది. కానీ పాళీల నంబర్లకి దేశాలన్నీ కూర్చుని ఒప్పుకున్న కొలత ఏదీ లేదు. పాత వాటర్‌మన్ 2వ నంబరుకీ మరో కంపెనీ 2వ నంబరుకీ చుట్టరికం ఉండాలని లేదు. ఈనాటి జర్మన్ పాళీల్లో రెండు పెద్ద పేర్లు బాక్, యోవో. ఇద్దరికీ 6వ నంబరు ఉంది. పాళీ రేకు వరకు ఒకదాని చోట ఇంకొకటి ఇమిడితే ఇమడవచ్చు, కానీ పాళీ, నాలిక, గొట్టం కలిసిన యూనిట్ల మరలు వేరు. మన దేశపు పెన్నుల్లో పాళీని పొడవుతో పిలవడమే ఎక్కువ: 35 ఎంఎం, 40 ఎంఎం అని. గీత లావు చెప్పే అక్షరాలదీ ఇదే కథ. జపాన్ ఎఫ్ సాధారణంగా ఐరోపా ఎఫ్ కన్నా సన్నగా రాస్తుంది.

కాబట్టి నంబరు అడగకండి, వెర్నియర్ కాలిపర్స్ తీయండి. నాలిక వ్యాసం, పాళీ మొత్తం పొడవు, భుజాల దగ్గర వెడల్పు, ఈ మూడూ కావాలి. నాలుగోది కొలవడం కష్టం, కంటితో చూడాలి: పాళీ ఒంపు నాలిక వీపుకి అతుక్కుని ఉందా అని. మధ్యలో వెలుతురు కనిపిస్తే ఇంకు తెగుతుంది, లేదా కక్కుతుంది. నాలిక ఎబొనైట్‌ది అయితే దీనికి మందు ఉంది. పాళీనీ నాలికనీ కలిపి, ఆ రెంటిని మాత్రమే, వేడినీళ్లలో కాసేపు ఉంచి వేళ్లతో నొక్కిపడితే నాలిక పాళీ ఒంపుకి తగ్గట్టు వంగి, చల్లారాక అలాగే నిలబడుతుంది. ప్లాస్టిక్ నాలిక మాట వినదు.

అసలు ముందు తెలుసుకోవాల్సింది పాళీ ఏ పద్ధతిలో బిగించారన్నది. అక్కడే సగం జవాబు దొరుకుతుంది.

మర తిప్పి మార్చే పాళీలు పాత పెన్నులు కొనేవాళ్ల పాలిట వరం. 1950లో వచ్చిన పెలికాన్ 400 పాళీ ఈనాటి ఎం200, ఎం400ల్లో బిగుస్తుంది. ఎం800 కొలత వేరు. 1960లో వచ్చిన పార్కర్ 45లో పాళీ, నాలిక ఒక చిన్న పట్టీలో కలిసి మర తిరిగి బయటికొస్తాయి. పగిలిన 45 ఒకటి కొని దాని పాళీని మంచి పెన్నులో పెట్టుకోవడం నిమిషాల పని. అమెరికా ఎస్టర్‌బ్రుక్ అయితే దీన్నే వ్యాపారంగా మార్చుకుంది. ఏ పాళీ కావాలంటే అది తిప్పి బిగించుకునే రెన్యూ పాయింట్లు. పాళీ మీద రాతని నమ్మగలిగిన అరుదైన చోటు కూడా ఇదే. 9తో మొదలయ్యే నాలుగంకెల పాళీకి కఠిన లోహపు గుండు ఉంటుంది. 1, 2తో మొదలయ్యేవాటికి స్టీలునే మడిచి మొన చేశారు, తొందరగా అరుగుతాయి.

లామీ సఫారీలో మర కూడా లేదు, పాళీ నాలిక మీంచి జారి వచ్చేస్తుంది. అదే పాళీ విస్టా, ఆల్‌స్టార్, స్టూడియోల్లో సరిపోతుంది. లామీ 2000కి మాత్రం కాదు.

ఒత్తిడి మీద నిలిచే పాళీలే మన పెన్నుల్లో ఎక్కువ. రాజమండ్రి రత్నం పెన్నులు ఈ కోవలోవే. 1932లో మొదలై, 1935లో గాంధీజీ మెచ్చుకోలు ఉత్తరం అందుకున్న పేరు అది. రాజమండ్రిదే గైడర్ కూడా. లేతు మీద చేత్తో తిప్పిన పెన్నులో పాళీ గూడు ఆ పాళీకి, ఆ నాలికకి సరిచూసి చేసినది. పాత రత్నం దొరికి పాళీ పాడై ఉంటే బజారంతా తిరగడం కన్నా పెన్నుని అక్కడికే పంపి పాళీ కూర్చమనడం మేలు. ఇలాంటి పాళీని పీకేటప్పుడు పట్టకారు వద్దు. పాళీనీ నాలికనీ కలిపి రబ్బరు ముక్కతో పట్టుకుని నిటారుగా లాగాలి. మెలితిప్పితే నాలిక అక్కడే విరుగుతుంది.

అపోహ: గోధుమరంగుకి తిరిగిన నల్ల పెన్ను నాసిరకం

ఎబొనైట్ అంటే గంధకం దండిగా కలిపి గట్టిపరిచిన రబ్బరు. వెలుతురుకి, తేమకి నలుపు పోయి గోధుమ, ఆకుపచ్చ ఛాయ రావడం దాని స్వభావం. రాతకి ఏ నష్టమూ లేదు. ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది కూడా.

అపోహ: పోలికలు కలిస్తే విడిభాగాలూ కలుస్తాయి

1941లో వచ్చిన పార్కర్ 51ని చూసి చేసిన పెన్నులు లోకంలో లెక్కలేనన్ని. మన ఊళ్లల్లో పరీక్షల సీజన్‌కి ఒక హీరో పెన్ను లేని ఇల్లు ఉండేది కాదు. హీరో 616 పక్కన పెడితే దూరం నుంచి అన్నదమ్ములే. కానీ 51 పాళీ గొట్టంలా చుట్టిన రేకు, 616ది వేరే ఆకారం. ఒకదాని పాళీ ఇంకొకదానికి పెట్టలేరు. 51కి 51 పాళీయే కావాలి. అదీ షెలాక్‌తో అతికిన ముసుగుని వెచ్చచేసి విప్పితేగానీ బయటికి రాదు, కాబట్టి చెయ్యి తిరిగినవాళ్లకి ఇవ్వడమే మంచిది.

ఇంకా మొండిది షేఫర్ పొదుగు పాళీ. 1959 నాటి పీఎఫ్ఎం మోడల్‌తో వచ్చిన ఈ పాళీ ముందుభాగంలోనే పొదిగి ఉంటుంది. అందంలో దానికి సాటి తక్కువ. వంగినా పగిలినా విడిగా పాళీ మార్చే దారి లేదు, అదే మోడల్ ముందుభాగం మొత్తం ఇంకో పెన్ను నుంచి తేవాలి. పాళీ బాగోలేని షేఫర్ ఎంత చౌకగా వస్తున్నా, పక్కనే పెంకు పగిలి పాళీ నిక్షేపంగా ఉన్న ఇంకో షేఫర్ దొరికితే తప్ప కొనకండి.