మార్పిడి తరువాత మేల్కొను వైరస్సు

హైదరాబాదు చెంతనున్న మన నాగారమునకు దక్షిణమున, హబ్సీగూడలో, మనుష్యుల జన్యువులను పరిశోధించు సీసీఎంబీ యున్నది. ఉత్తరమున శామీర్‌పేట దాటి తుర్కపల్లి చేరినచో టీకాలు తయారగు జీనోమ్ వ్యాలీ యున్నది. ఈ రెంటి నడుమ నివసించు పాఠకులకు జన్యువు, వైరస్సు అను మాటలు క్రొత్తవి కావు. అయినను, అన్యుని మూత్రపిండమునో కాలేయమునో గ్రహించి ప్రాణము నిలుపుకొన్న మనుష్యునిలో ఆ రెండును ఎట్లు తారసిల్లునో ఎఱిగినవారు అరుదు. 2013లో ఆరంభమైన జీవన్‌దాన్ పథకము, నిమ్స్ ఆసుపత్రి కేంద్రముగా నడచుచు, మరణించిన దాతల అవయవములను వరుసక్రమమున రోగులకు అందించుచున్నది గనుక, అట్టివారు నేడు మన ఇరుగుపొరుగుననే కలరు.

1954 డిసెంబరు 23న బోస్టను నగరమున జోసెఫ్ మర్రే బృందము మొట్టమొదట విజయవంతముగా మూత్రపిండమును మార్చినప్పుడు, దాతయు గ్రహీతయు అచ్చముగా ఒకే పోలికగల కవలలు. కావున గ్రహీత శరీరము దానిని తనదిగానే స్వీకరించెను. తక్కిన లోకమునకు ఆ భాగ్యము లేదు. కన్నతల్లి యిచ్చిన మూత్రపిండమైనను జన్యురీత్యా సగము పరాయిదే. దానిని శరీరము తిరస్కరింపకుండుటకు టాక్రోలిమస్ వంటి మందులతో రోగనిరోధక శక్తిని, ముఖ్యముగా టీ కణములను, జీవితాంతము అణచి యుంచవలెను. ఆ అణచివేతయే వైరస్సులకు దారి యిచ్చును.

వీనిలో ప్రధానమైనది సైటోమెగాలో వైరస్, వైద్యుల వాడుకలో సీఎంవీ. మన దేశమున పెద్దలలో అత్యధికులకు అది ఎప్పుడో సోకియే యుండి, ఏ బాధయు పెట్టక, నివురుగప్పిన నిప్పువలె కణములలో దాగియుండును. రక్షణ సడలగానే మేల్కొని జ్వరమును, తెల్లకణముల క్షయమును, విరేచనములను, ఊపిరితిత్తుల వాపును కలిగించును. 1971లో ఒక మూత్రపిండ గ్రహీత మూత్రమున మొదట కనుగొనబడిన బీకే వైరస్ క్రొత్త మూత్రపిండమునే క్షీణింపజేయును. అప్పుడు అణచు మందులను తగ్గించుటయే ముఖ్య చికిత్స.

ఒకే వయస్సు, ఒకే మందు, ఒకే మోతాదు గల ఇద్దఱిలో ఒకరికి సీఎంవీ విజృంభించి మఱొకరికి ఏమియు కాకుండుటకు హేతువేమి? దాతలో వైరస్సున్నదా, గ్రహీత శరీరము దానిని మునుపే ఎఱుగునా అనునది మొదటి హేతువు. శేషములో కొంత పుట్టుకతో వచ్చిన జన్యువులది. టీ కణములు అణగినప్పుడు సహజ హంతక కణములు కాపలా భారమును మోయును. వానిని నడపు కిర్ అను గ్రాహకముల జన్యువులు 19వ క్రోమోజోముపై నుండి, మనిషి మనిషికి మాఱుచుండును. ఉత్తేజపఱచు కిర్ జన్యువులు అధికముగాగల మూత్రపిండ గ్రహీతలలో సీఎంవీ తక్కువగా తలయెత్తినదని 2008లో స్విట్జర్లాండు పరిశోధకులు ప్రకటించిరి. వైరస్సు జాడను పసిగట్టు టీఎల్ఆర్-2 జన్యువులోని ఒక చిన్న మార్పు, కాలేయ గ్రహీతలలో సీఎంవీ వ్యాధితో ముడిపడి కనబడినది.

వైరస్సును తాకనైన తాకని జన్యువులకును ఇందు పాత్ర కలదు. సీవైపీ3ఏ5 అను ఎంజైము పనిచేయువారిలో టాక్రోలిమస్ త్వరగా కరిగిపోవును. పనిచేయనివారిలో అదే మోతాదు రక్తమున పేరుకొని, రక్షణను మితిమీరి అణచును. రోగనిరోధక శక్తిని అణచు మఱొక మందగు అజాథయోప్రిన్ తెల్లకణములను ప్రమాదకరముగా తగ్గించునేమో తెలిసికొనుటకు ఐరోపావారు టీపీఎంటీ జన్యువును చూతురు. ప్రేవుల వ్యాధికి అదే మందు వాడు మన రోగులలో ఎన్‌యుడిటి-15 అను వేఱొక జన్యువే మేలైన సూచికయని హైదరాబాదు వైద్యులు చూపిరి.

నా దృష్టిలో సారమంతయు ఇక్కడనే యున్నది. లాల్జీ సింగ్, తంగరాజ్ ప్రభృతులైన సీసీఎంబీ శాస్త్రజ్ఞులు హార్వర్డు పరిశోధకులతో కలిసి 2009లో వెల్లడించినట్లు, వేలయేండ్లుగా స్వకులవివాహములు చేసికొనుచు వచ్చిన మన సమూహములలో ఒక్కొక్క దానికి ఒక్కొక్క జన్యుచరిత్ర కలదు. వైశ్యులలో కొందఱికి శస్త్రచికిత్సలో వాడు సక్సినైల్‌కోలిన్ మందు ప్రభావము గంటలకొలది వదలకుండుట ఇందుకు ప్రసిద్ధమైన తార్కాణము. ఇట్టి దేశమున పరదేశీయుల జన్యుఫలితములను మక్కికి మక్కిగా నమ్ముట పొరపాటు. తెలుగు గ్రహీతల జన్యువులను, వారికి సోకిన వైరస్సులను జతపఱచి విస్తారముగా పరిశోధింపవలెను. అందులకు వలసిన విద్వాంసులును ప్రయోగశాలలును ఈ నగరముననే యున్నవి.

అంతవఱకు ఏ జన్యుపరీక్షయు, రక్తములోని వైరస్సును కొలుచు పీసీఆర్ పరీక్షకు ప్రత్యామ్నాయము కాజాలదు. కావున గ్రహీతల కుటుంబములవారికి నా మనవి యిది: సీఎంవీని నిలువరించు వాల్‌గాన్‌సైక్లోవిర్ మాత్రలు ఖరీదైనవని నడుమ మానవలదు, చెప్పిన గడువులకు రక్తపరీక్షలు తప్పక చేయింపుడు, జ్వరము వచ్చినచో మందుల దుకాణమున అడిగి ఏదో మాత్ర వేయక, మార్పిడి చేసిన వైద్యునికి ఆనాడే తెలియజేయుడు.