ఆఖరి నాలుగు శాతం తేమ

ఉప్పుడు బియ్యం మిల్లులో నానబెట్టి, ఆవిరికి ఉడికించిన వడ్లు డ్రైయర్‌లోకి దిగేటప్పుడు తేమ దాదాపు 35 శాతం ఉంటుంది. మర ఆడించే ముందు అది 14కి రావాలి. 21 శాతం తగ్గాలి కాబట్టి టన్నుకు 210 కిలోల నీళ్లు పోతే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి 244 కిలోలు పోవాలి.

తేమ శాతాన్ని మొత్తం బరువు మీద కడతాం. నీళ్లు పోయేకొద్దీ ఆ మొత్తమే తగ్గిపోతుంటుంది. మారకుండా ఉండేది నీళ్లన్నీ తీసేసిన గింజ బరువొక్కటే. 1000 కిలోల్లో 35 శాతం నీళ్లంటే పొడి సరుకు 650 కిలోలు. తేమ 14 శాతమైనప్పుడు ఈ 650 కిలోలే మొత్తంలో 86 శాతం అవుతాయి. 650ని 0.86తో భాగిస్తే 756. వెయ్యిలోంచి అది తీసేస్తే పోయిన నీళ్లు 244.

ఇదే లెక్క 18 శాతం దగ్గర ఆగి చేసి చూడండి. 650ని 0.82తో భాగిస్తే 793, అంటే అప్పటికే 207 కిలోలు వెళ్లిపోయాయి. 18 నుంచి 14కి రావడానికి పోవాల్సింది ఇంకా 37 కిలోలే. ఉదాహరణకు మొదటి దశకు మూడు గంటలు పట్టిందనుకుందాం. ఆరే వేగం గంటకు 69 కిలోలు. ఆ 37 కిలోలకు రెండు గంటలు పడితే వేగం గంటకు 18 కిలోలకు పడిపోయినట్టు.

ఎందుకిలా? మొదట్లో నీరు గింజ పైనా, పైపొరల్లోనూ ఉంటుంది. వేడిగాలి తగలగానే ఆవిరైపోతుంది. అప్పుడు వేగాన్ని నిర్ణయించేది గాలి: దాని వేడి, వడి, అందులో ఉన్న తేమ. వానాకాలంలో 30 డిగ్రీల దగ్గర 80 శాతం తేమతో ఉన్న గాలిని 45 డిగ్రీలకు వేడి చేస్తే దాని సాపేక్ష తేమ సుమారు 35 శాతానికి దిగుతుంది. అందుకే వానల్లోనూ డ్రైయర్ పనిచేస్తుంది. పైనున్న నీరు అయిపోయాక మాత్రం గింజ లోపలి నీరు మెల్లగా బయటికి రావాలి. ఆ నడక గాలి చేతిలో లేదు. అమెరికన్ ఇంజనీరు డబ్ల్యూ. కె. లూయిస్ 1921లోనే ఈ రెండు పనులనూ, పైన ఆవిరి కావడాన్నీ లోపలి నుంచి నీరు రావడాన్నీ, విడదీసి చూపించాడు.

ఆ దశలో బాయిలర్ మంట పెంచడం నా దృష్టిలో పెద్ద పొరపాటు. పైపొర ఎండి కుంచించుకుపోతుంది, లోపల తడి అలాగే ఉంటుంది. ఆ లాగుడుకి గింజలో సన్నటి పగుళ్లు పుడతాయి. అవి డ్రైయర్ దగ్గర కనిపించవు, మర ఆడించినప్పుడు నూకగా బయటపడతాయి. అందుకే 18 శాతం దగ్గర సరుకు దించి కొన్ని గంటలు ఊరికే ఉంచుతారు. లోపలి తేమ ఈలోగా గింజంతా సర్దుకుంటుంది. తర్వాత తక్కువ వేడితో మిగతాది ఆరబెడతారు.

డ్రైయర్ దగ్గరి మనిషి చేతికి థర్మామీటరుతో పాటు ఒక నోటుపుస్తకం కూడా ఇవ్వాలి. అరగంటకోసారి గుప్పెడు గింజలు తీసి, చల్లారనిచ్చి, మీటరులో తేమ చూసి, పై లెక్కతో కిలోల్లోకి మార్చి రాసుకోవాలి. వేగం ఎక్కడ దిగజారిందో అంకెలే చెబుతాయి. ఎక్కడ ఆపాలో కూడా అవే చెబుతాయి: 14 దాటి 12 దాకా లాగితే ఇదే సరుకులో ఇంకో 17 కిలోల తూకం పోతుంది, దానికి తగలేసిన ఊక అదనం.