చూలు కుక్క: ఇంటివారు తప్పనీయకూడని నాలుగు లెక్కలు

కుక్క ఈనడానికి మనిషి నేర్పవలసినది ఏమీ లేదని పెద్దలు అంటారు. ఆ మాటలో నిజముంది. ఆరోగ్యంగా ఉన్న ఆడకుక్కలలో ఎక్కువ భాగం ఎవరి సాయమూ లేకుండానే ఈనుతాయి. పొర చించి, బొడ్డుతాడు కొరికి, కూనను నాకి ఊపిరి పోయిస్తాయి. అయితే నొప్పులు మొదలై, గట్టిగా ముక్కుతున్నా కూన బయటకు రాని రాత్రి కూడా ఒక్కొక్కప్పుడు వస్తుంది. ఆ రాత్రి “తెల్లవారనీ, చూద్దాం” అని పడుకుంటే కూనలు పోతాయి. ఒక్కొక్కసారి తల్లి కూడా పోతుంది. కాన్పు చేయడం ఇంటివారి పని కాదు. రోజులు, ఒంటి వేడి, గంటలు, కూనలు అనే నాలుగింటి లెక్క తప్పకుండా చూసుకోవడం వారి పని. ఏ లెక్క తప్పిందో తెలిసినప్పుడే వైద్యుని దగ్గరకు ఎప్పుడు పరుగెత్తాలో తెలుస్తుంది.

రోజుల లెక్క

కుక్క గర్భకాలం సుమారు 63 రోజులు, అంటే తొమ్మిది వారాలు. జత కట్టిన తేదీలన్నింటినీ గోడ మీది క్యాలెండరులో గుర్తు పెట్టుకోవాలి. మగకుక్క బీజం ఆడకుక్క కడుపులో కొన్ని రోజులు బతికి ఉంటుంది. అందువల్ల జత కట్టిన రోజే చూలు నిలిచిన రోజు కానక్కరలేదు. ఆ తేదీ నుంచి 58 మొదలు 68 రోజుల మధ్య ఎప్పుడు ఈనినా సాధారణంగా ఆందోళన అవసరం లేదు. 70 రోజులు దాటితే మాత్రం ఆగకూడదు.

అయిదవ వారం వరకు కడుపు పెద్దగా కనిపించదు. కొన్ని కుక్కలు చూలు లేకపోయినా చన్నులు ఉబ్బి, పాలు కారి, మూలలు వెతుక్కుంటాయి. కాబట్టి కంటికి కనిపించే గుర్తులను బట్టి నిర్ధారణకు రాకూడదు. 25వ రోజు దాటిన తరువాత స్కానింగులో చూలు తెలుస్తుంది. 55వ రోజు దాటాక ఎక్స్‌రే తీయిస్తే కూనల ఎముకలు స్పష్టంగా కనిపించి, ఎన్ని ఉన్నాయో లెక్క తేలుతుంది. ఈ ఒక్క సంఖ్య కాన్పు రాత్రి ఎంతో అక్కరకు వస్తుంది. ఆరు కూనలు ఉన్నాయని తెలిసిన ఇంటివారు అయిదవ కూన తరువాత తల్లి అలసి పడుకుంటే “అయిపోయింది” అనుకోరు.

తిండి, మందులు

మొదటి నాలుగైదు వారాలు మామూలు తిండే చాలు. ఆ తరువాత కొద్దికొద్దిగా పెంచుతూ, ఈనే నాటికి మామూలు కంటే పాతిక నుంచి సగం వంతు వరకు ఎక్కువ పెట్టాలి. పెరిగిన కడుపు జీర్ణకోశాన్ని నొక్కుతుంది. ఒకేసారి ఎక్కువ తినలేదు. అదే తిండిని మూడు నాలుగు పూటలుగా పంచి పెట్టాలి. జొన్నరొట్టె, పాలు మాత్రమే పెట్టే ఇళ్లలో ఉడికించిన గుడ్డు, ఎముక తీసిన మాంసం చేర్చాలి. ఉల్లి, వెల్లుల్లి పడిన కూరలు కుక్కకు హాని చేస్తాయి. మిగిలిన కూర కలిపిన అన్నం పెట్టకూడదు.

బలానికని కాల్షియం మందు పోయడం చాలా ఇళ్లలో ఉన్న అలవాటు. చూలు సమయంలో ఇది మేలు చేయదు, కీడు చేస్తుంది. బయటి నుంచి కాల్షియం అందుతూ ఉంటే, ఎముకలలోని నిల్వను అవసరానికి తీసి వాడుకునే శక్తి శరీరంలో మందగిస్తుంది. కూనలు పాలు తాగే వేళ రక్తంలో కాల్షియం ఒక్కసారిగా పడిపోయి, తల్లికి మూర్ఛ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. వైద్యుడు చెప్పనిదే కాల్షియం ఇవ్వకూడదు. మనుషులకు వాడే జ్వరం మాత్రలు, నొప్పి మాత్రలు ఎప్పుడూ ఇవ్వకూడదు. టీకాలన్నీ జత కట్టించక ముందే పూర్తి చేయించుకోవడం మంచిది. నులిపురుగులు తల్లి నుంచి కడుపులోని కూనలకు, ఆపైన పాల ద్వారా కూడా సోకుతాయి. అందుచేత చూలు చివరి వారాలలో ఏ మందు, ఎన్ని రోజులు ఇవ్వాలో వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి.

ఈనడానికి చోటు

కాన్పుకు వారం పది రోజుల ముందే చోటు సిద్ధం చేసి, కుక్కను అక్కడ పడుకోవడానికి అలవాటు చేయాలి. షోలాపూర్ మగ్గాల పేటలలో ఒకే గదిలో కాపురమూ పనీ సాగించే కుటుంబాలు ఉన్నాయి. అటువంటి ఇంట్లో మగ్గం మోతకు, నడిచే దారికి దూరంగా ఒక మూల చాలు. తల్లి దాటగలిగినంత, కూనలు దాటలేనంత ఎత్తు అంచు ఉన్న పెట్టె కావాలి. తల్లి చాపుకొని పడుకున్నా ఇంకా చోటు మిగలాలి. పెట్టె లోపల గోడకు జానెడు దూరంలో, నాలుగు వేళ్ల ఎత్తున ఒక కర్ర బిగిస్తే, తల్లి ఒరిగినప్పుడు కూన గోడకు నలిగిపోకుండా ఆ సందులో తప్పించుకుంటుంది. అడుగున పాత వార్తాపత్రికలు, వాటి మీద ఉతికిన పాత తువాళ్లు పరచాలి. ఊరి పేరు మీదనే అమ్ముడయ్యే షోలాపూర్ తువాలు దీనికి బాగా పనికివస్తుంది. అయితే అంచు దారాలు వేలాడకుండా కత్తిరించాలి, లేకుంటే కూన కాలికి చుట్టుకుంటాయి.

ఈ ఊరి వేసవిలో పగటి వేడి 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. రేకుల కప్పు కింద చూలు కుక్కను ఉంచడం ప్రాణాపాయం. నీడ, గాలి, ఎప్పుడూ నిండుగా ఉండే నీళ్ల గిన్నె తప్పనిసరి.

వేడి లెక్క

చివరి వారంలో రోజుకు రెండు మూడు సార్లు, మలద్వారంలో పెట్టే థర్మామీటరుతో ఒంటి వేడి చూసి రాసుకోవాలి. కుక్క మామూలు వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్. ఇది 99 కంటే తగ్గితే సాధారణంగా ఒక రోజు లోపల నొప్పులు మొదలవుతాయి. వైద్యుని ఫోను నంబరు, రాత్రివేళ తెరిచి ఉండే పశువైద్యశాల, అక్కడికి వెళ్లడానికి ఆటో ఆ పూటే చూసిపెట్టుకోవాలి.

మొదటి దశలో కుక్క తిండి మానేస్తుంది, రొప్పుతుంది, వణుకుతుంది, పరుపును కాళ్లతో గీరుతుంది. ఇది 6 నుంచి 12 గంటలు, కొన్నింటికి 24 గంటల వరకు సాగవచ్చు. ఈ సమయంలో దానికి కావలసింది నిశ్శబ్దం. తెలిసిన మనిషి ఒక్కరు దగ్గర కూర్చుంటే చాలు. పిల్లలు, ఇరుగుపొరుగులు గుమికూడకూడదు.

గంటల లెక్క

గట్టిగా ముక్కడం మొదలైతే రెండవ దశ వచ్చినట్లు. ఆ క్షణం నుంచి గడియారం చూసుకోవాలి. కూనకూ కూనకూ మధ్య సాధారణంగా అరగంట నుంచి గంట పడుతుంది. వెనుక కాళ్లు ముందుగా రావడం కుక్కలలో తరచుగా జరిగేదే. దానికి కంగారు పడనక్కరలేదు. కింది వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తెల్లవారే దాకా ఆగకుండా వైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి.

— గట్టిగా ముక్కుతూ అరగంట గడిచినా కూన రాకపోవడం.
— లోపల ఇంకా కూనలు ఉండగా రెండు గంటలు దాటడం.
— మొదటి కూన పుట్టక ముందే ముదురు ఆకుపచ్చ ద్రవం కనిపించడం. ఇది మాయ విడిపోతున్నదనడానికి గుర్తు.
— ఒంటి వేడి తగ్గి 24 గంటలు దాటినా నొప్పులు రాకపోవడం.
— ఆగని రక్తం, దుర్వాసన, తల్లి సొమ్మసిల్లడం.

నొప్పులు తెప్పించే ఇంజెక్షను మందుల దుకాణంలో తెచ్చి వేయించడం మహాపాపం. కూన అడ్డం తిరిగి ఉన్నప్పుడు ఆ మందు పడితే గర్భసంచి పగిలిపోవచ్చు. సగం బయటపడిన కూనను బలంగా లాగడమూ అంతే ప్రమాదం.

కూనల లెక్క

పుట్టిన ప్రతి కూననూ, దాని వెంట పడిన మాయనూ లెక్క పెట్టాలి. తల్లి వెంటనే పొర చించకపోతే ఇంటివారు చించి, మూతిని తుడిచి, పొడి తువాలుతో గట్టిగా రుద్దాలి. తల కిందులుగా పట్టి విసరకూడదు. మెదడుకు దెబ్బ తగులుతుంది. బొడ్డుతాడు తెగకపోతే పొట్టకు అంగుళం దూరంలో శుభ్రమైన దారంతో ముడివేసి, ముడికి అవతల కత్తిరించాలి.

అప్పుడే పుట్టిన కూన తన వేడిని తాను నిలుపుకోలేదు. మొదటి వారం పెట్టెలో కూనలున్న చోట 85 నుంచి 90 డిగ్రీల ఫారెన్‌హీట్ వేడి కావాలి. చలికాలపు రాత్రులలో ఒక మూలకు బల్బు వేలాడదీసి, వేడి ఎక్కువైతే జరగడానికి రెండవ మూల వదలాలి. వేసవిలో బల్బు అక్కరలేదు. చల్లబడిన కూనకు పాలు పట్టకూడదు, అరగదు. ముందు వేడి చేసి, ఆ తరువాత తల్లి చన్ను అందించాలి. తొలి ముర్రుపాలు పుట్టిన కొద్ది గంటలలోనే అందాలి. రోగాలను తట్టుకునే శక్తి వాటి నుంచే వస్తుంది. ఆవుపాలలో కూనకు కావలసినంత మాంసకృత్తులు, కొవ్వు ఉండవు. తల్లి పాలు చాలకపోతే వైద్యుడు చెప్పిన పాలపొడి వాడాలి. రోజూ ఒకే వేళకు ప్రతి కూననూ తూచి రాయాలి. పది రోజులలో పుట్టిన బరువుకు రెట్టింపు కావాలి. బరువు పెరగని కూన ఆపదలో ఉన్నట్లు.

పాలిచ్చే వారాలు

పాలిచ్చే తల్లికి మూడవ, నాలుగవ వారాలలో మామూలు కంటే రెండు మూడు రెట్లు, కూనలు ఎక్కువైతే అంతకు మించి తిండి కావాలి. ఈ వారాలలోనే, ముఖ్యంగా ఎక్కువ కూనలున్న చిన్న జాతి కుక్కలలో, కాల్షియం పడిపోతుంది. తల్లి ఆగకుండా రొప్పడం, కాళ్లు బిగుసుకోవడం, వణకడం కనిపిస్తే కూనలను వెంటనే వేరు చేసి వైద్యునికి చూపాలి. గంటలలో ప్రాణం పోయే జబ్బు ఇది. సకాలంలో మందు పడితే కోలుకునే జబ్బు కూడా ఇదే. చన్ను ఎర్రబడి గట్టిపడినా వైద్యుడు చూడవలసిందే. కూనలకు రెండు వారాల వయసు నుంచి వైద్యుని సలహా మేరకు నులిపురుగుల మందు వేయాలి. కూనలను ముట్టుకున్న పిల్లలు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

వీధిలో ఈనిన కుక్క

మెట్ల కింద, కారఖానా గోడ వెంట వీధికుక్క ఈనితే కూనలను అక్కడి నుంచి కదపకూడదు. దూరం నుంచి తిండి, నీళ్లు పెట్టి, పిల్లలను దగ్గరకు పోనీయకుండా చూడాలి. కూనలున్న తల్లి కరవవచ్చు. కరిస్తే గాయాన్ని సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రిలో రేబిస్ టీకా వేయించుకోవాలి. వీధికుక్కలకు పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స, రేబిస్ టీకా జరిపించే బాధ్యతను 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు స్థానిక సంస్థలపై ఉంచాయి. కూనలు పాలు మానిన తరువాత తల్లి సంగతి మహానగరపాలికకు తెలియజేయాలి.

ఇంటి కుక్క కూనలను గోనెసంచిలో తీసుకుపోయి వదిలిపెట్టడం పరిష్కారం కాదు. ఆకలికి, దప్పికకు గురయ్యేలా జంతువును వదిలివేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద నేరం. ఎనిమిది వారాలు నిండక ముందు కూనలను తల్లి నుంచి వేరు చేయకూడదు. కుక్క సాధారణంగా ఆరేడు నెలలకు మళ్లీ ఎదకు వస్తుంది. ఎన్ని కూనలకు ఇళ్లు దొరుకుతాయో జత కట్టించక ముందే లెక్క వేసుకోవాలి. ఆ లెక్క కుదరని ఇంటివారు పాలు మానిన వెంటనే తల్లికి శస్త్రచికిత్స చేయించడం దానికీ, పేటకూ మేలు.