చదువు అప్పు... నెలకెంత కడితే ఇల్లు నడుస్తుంది?

మైలవరం చుట్టుపక్కల మామిడి తోటలున్న ఇంట్లో డబ్బు కళ్లపడేది వేసవిలోనే. బ్యాంకు వాయిదా మాత్రం నెలనెలా తలుపు తడుతుంది. పిల్లల్ని ఇంజినీరింగ్ చదివించడానికి అప్పు తీసుకున్న ఇళ్లలో అసలు చిక్కు ఇదే. అప్పు తీసుకునేటప్పుడు ఉన్న శ్రద్ధ, ఎలా తీర్చాలో లెక్క వేసుకోవడంలో ఉండదు.

బ్యాంకులు పాటించే నమూనా పథకం ప్రకారం చదువు పూర్తయ్యాక ఏడాది దాకా వాయిదాలు కట్టక్కర్లేదు. ఆ తర్వాత గరిష్ఠంగా 15 ఏళ్లలో తీర్చవచ్చు. కట్టక్కర్లేదంటే వడ్డీ పడదని కాదండోయ్! ఆ కాలంలోనూ సాధారణ వడ్డీ పడుతూనే ఉంటుంది.

ఓ లెక్క చూద్దాం. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లలో నాలుగు లక్షలు తీసుకున్నారు. వడ్డీ 10 శాతం అనుకుందాం. మొదటి వాయిదా నాటికి వడ్డీ 1,40,000 పేరుకుని, బాకీ 5,40,000 అవుతుంది. దాన్ని ఐదేళ్లలో తీర్చాలంటే నెలకి సుమారు 11,470 రూపాయలు. పదేళ్లకైతే 7,140. పదిహేనేళ్లకైతే 5,800. చివరిది తేలిగ్గా కనిపిస్తుంది కదా? కానీ ఐదేళ్లలో తీర్చేస్తే వాయిదాల్లో పోయే వడ్డీ లక్షన్నర లోపే. పదేళ్లకి మూడు లక్షలు దాటుతుంది. పదిహేనేళ్లకి అయిదు లక్షలు దాటుతుంది!

మరి ఏది ఎంచుకోవాలి? కొత్తగా ఉద్యోగంలో చేరినవాడి జీతం పాతిక వేలనుకుందాం. విజయవాడలోనో హైదరాబాద్‌లోనో హాస్టలు, తిండి, బస్సు ఖర్చులు పోను పదకొండు వేలు మిగలడం కష్టం. వాయిదా తప్పితే మొదటికే మోసం. అందుకని వాయిదా చిన్నదిగా, గడువు పెద్దదిగా పెట్టుకుని, చేతిలో డబ్బు పడ్డప్పుడల్లా అదనంగా కట్టెయ్యడం మేలు. మారే వడ్డీ మీద తీసుకున్న చదువు అప్పుని ముందుగా తీర్చినందుకు జరిమానా వెయ్యకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. బోనసు వచ్చినా, కాయ అమ్మిన డబ్బు వచ్చినా కొంత అసలులో జమ చెయ్యమని రాసిచ్చి రసీదు తీసుకోండి.

పిల్లలింకా చదువుతూ ఉంటే మరో దారి ఉంది. నెలనెలా వడ్డీ మాత్రం కట్టుకుంటూ పోవచ్చు. పై లెక్కలో అది మొదటి ఏడాది నెలకి 833 రూపాయలే. నాలుగో ఏడాదికి 3,333 అవుతుంది. అలా కట్టేవాళ్లకి ఒక శాతం దాకా వడ్డీ తగ్గించే వీలుంది. అడిగితేనే చెప్తారు, కాబట్టి అడగండి.

ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపుంటే, అర్హత ఉన్న కోర్సులకి వాయిదాలు మొదలయ్యేదాకా పడే వడ్డీని కేంద్రమే భరించే పథకముంది. 2024 నవంబరులో ఆమోదం పొందిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపికైన కాలేజీల్లో చేరినవాళ్లకి, ఆదాయం 8 లక్షల లోపుంటే, పది లక్షల దాకా అప్పు మీద 3 శాతం రాయితీ ఉంది. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఉద్యోగం రాలేదా? ఫోన్ ఆపేసి కూర్చోకండి. వాయిదా 90 రోజులు దాటి ఆగితే ఖాతా మొండి బాకీల్లో చేరుతుంది. తండ్రి సహ రుణగ్రహీత అయితే సిబిల్ మచ్చ ఆయనకీ పడుతుంది. రేపు పంట అప్పుకి వెళ్తే అదే అడ్డు. అందుకే వాయిదా తప్పకముందే బ్రాంచికి వెళ్లి గడువు పెంచమనో, కొంతకాలం వాయిదాలు ఆపమనో అర్జీ ఇవ్వండి. ఇవ్వడం ఇవ్వకపోవడం బ్యాంకు ఇష్టమే అయినా, ముందుగా వచ్చి అడిగినవాడి మాటకి విలువ ఉంటుంది.

వడ్డీ రేటు మారినప్పుడు వాయిదా పెంచుకోవాలో గడువు పెంచుకోవాలో మీరే ఎంచుకోవచ్చు. ఆ కాగితం వచ్చినప్పుడు పక్కన పడెయ్యకండి. జీతం వచ్చిన మర్నాడే వాయిదా తేదీ ఉండేలా చూసుకోండి. సగం బెంగ అక్కడే తీరుతుంది.