ముళ్ళతీగెయు మొక్కజొన్నయు

మన చేలగట్లమీద బ్రహ్మజెముడు కంచెల నెడలించి నిలిచిన ముళ్ళతీగె రైతున కెంత పరిచితమో చెప్పనక్కఱలేదు గాని, దానికి నిలుకడయైన రూపము నిచ్చినది ఏ మహానగరమందలి యంత్రశాలయు గాక, అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రమందలి డికాల్బ్ కౌంటీ యను వ్యవసాయసీమ యని యెఱిగినవారు కొందఱే. ఒక ప్రాంతపు నవకల్పనాశక్తిని అచటివారు పొందిన పేటెంటుల సంఖ్యనుబట్టి కొలుచుట ఆ దేశమున చిరకాలముగ ఆచారమై యున్నది. పల్లెసీమల విషయమున ఆ కొలమాన మెంతవఱకు నమ్మదగినదో పరీక్షించుటకు ఈ కౌంటీ చరిత్రకంటె మంచి నిదర్శనము నాకు గానరాలేదు.

ఇల్లినాయ్ మైదానములలో కంచెలకు వలసినంత కలప లేదు. నున్నని తీగె కట్టినచో పశువులు దానిని త్రోసికొని పైరులో బడుచుండెను. 1873వ సంవత్సరమున జరిగిన కౌంటీ ప్రదర్శనములో హెన్రీ రోజ్ అను రైతు, వాడిమొనలు దిగగొట్టిన కొయ్యపట్టె నొకదానిని తీగెకు వ్రేలాడగట్టి చూపగా, దానిని తిలకించినవారిలో జోసెఫ్ గ్లిడ్డెన్ అను రైతును, ఐజాక్ ఎల్‌వుడ్ అను ఇనుపసామానుల వర్తకుడును, జేకబ్ హైష్ అను కలపవర్తకుడును వేర్వేఱుగ ఆలోచనలో బడిరి. అప్పటికి అఱువదేండ్ల వాడైన గ్లిడ్డెన్, ఇంటిలోని కాఫీగింజల మరను మార్చి, దానితో తీగెముక్కలను ముళ్ళుగ మెలిపెట్టి, అవి ప్రక్కకు జారకుండ రెండవ తీగెను మొదటిదానితో పెనవైచెను. ఆ పెనవైచుటయే ఆ యావిష్కారమునకు ప్రాణము. 1874 నవంబరు 24వ తేదీన అతనికి 1,57,124వ సంఖ్యగల పేటెంటు లభించెను. దానిలో సగము హక్కును ఎల్‌వుడ్ 265 డాలర్లకే కొనెను. రెండేండ్లు తిరుగకుండనే మిగిలిన సగమునకు మసాచుసెట్స్ రాష్ట్రపు వాష్‌బర్న్ అండ్ మోయిన్ సంస్థ 60,000 డాలర్లును, పైగా అమ్మకములపై రాయల్టీయు నిచ్చెను.

ఇట రోజ్ కొయ్యపట్టెకును ఒక పేటెంటు గలదు, గ్లిడ్డెన్ తీగెకును ఒక పేటెంటు గలదు. లెక్కవ్రాయువాని పుస్తకమున రెండును సమానములే. ఒకటి కొలదికాలములో మఱుగుపడిపోయినను, రెండవది పశ్చిమ అమెరికా భూస్వరూపమునే మార్చివైచినను, సంఖ్యకు ఆ భేదము తెలియదు. ఆ హక్కు నిలుచునో లేదో కూడ సంఖ్య చెప్పజాలదు: గ్లిడ్డెన్ హక్కుపై వ్యాజ్యము సుప్రీంకోర్టువఱకు పోయి, పేటెంటు పదునేడేండ్ల గడువు 1891లో తీరిన పిమ్మట 1892లో అతని పక్షముననే తీర్పు వచ్చెను.

లెక్కించు విధానమునందును చిక్కులు గలవు. కౌంటీల వారీగ వేయు ప్రభుత్వపు పట్టికలలో పేటెంటు నమోదగునది దానిలో మొదట పేర్కొనబడిన ఆవిష్కర్త నివాసస్థలమునకే గాని పని జరిగిన చోటికి గాదు. ఇరువదివేల జనాభాగల కౌంటీలో ఒక యేడు రెండు పేటెంటులు, మఱుసటియేడు నాలుగు వచ్చినచో, నవకల్పన రెండింతలైనదని పట్టిక చాటును. నిజమున కచటి యింజనీరొకడు చిరకాలము క్రిందట పంపిన దరఖాస్తులకు ఆ యేడు అనుమతి వచ్చి యుండవచ్చును. కావున చిన్న కౌంటీ విషయమున ఒక్క యేటి యంకెనుబట్టి తీర్పు చెప్పుట అన్యాయమనియు, పలుసంవత్సరముల మొత్తమును జూచుట కనీసధర్మ మనియు నా దృఢాభిప్రాయము.

అంతకంటె నన్ను కలచునది పట్టికలో బొత్తిగ కానరాని పని. 1912లో ఇదే డికాల్బ్ రైతులు, బ్యాంకులవారితో గూడి, భూసార సంఘమును స్థాపించి, విలియం ఎకార్ట్ అను వ్యవసాయ నిపుణుని జీతమిచ్చి నియమించుకొనిరి. పొలము పొలమునకు బోయి నేలను పరీక్షించి సలహా చెప్పు ఆ యేర్పాటు, తరువాతి కాలమున దేశమంతట వ్యాపించిన రైతుసంఘములకు మార్గదర్శకములైన వానిలో నొకటి. ఇరుగుపొరుగు రైతులు చేరి సలహాదారుని బెట్టుకొను పద్ధతికి ఎవడు పేటెంటు కోరును? మంచి విత్తనము సమకూర్చుటకు ఆ ప్రయత్నమునుండియే 1917లో వెలసిన సంఘమునందు, చార్లెస్ గన్ సంకర మొక్కజొన్న వంగడములపై ఏండ్లతరబడి శ్రమించెను; 1930ల నడుమ ఆ విత్తనము విక్రయమునకు వచ్చెను. 1930నాటి మొక్కల పేటెంటు చట్టమో అంటు, కొమ్మ మొదలగు రీతుల వృద్ధిచేయు మొక్కలకే వర్తించెను. విత్తనమున మొలచు మొక్కజొన్నకు అందు చోటు లేదు. సంకరజాతి గింజను మరల విత్తినచో దిగుబడి తగ్గును గనుక రైతు ఏటేట వారియొద్దనే విత్తనము కొనవలసివచ్చెను. మాతృవంగడముల రహస్యమును సంఘము తన యొద్దనే దాచుకొనెను. కౌంటీ పొలములలో ఆ పైరు పచ్చగ నిలిచినను, పేటెంటుల పట్టికలో దానికి ఒక్క పంక్తియైనను లేకపోయెను.