గేజ్ గ్లాసులో నీళ్లున్నాయా?

అశ్వారావుపేట, అప్పారావుపేట ఫ్యాక్టరీల్లో పామాయిల్ గెలలను ముందు ఆవిరిలో ఉడికిస్తారు. చదరపు సెంటీమీటరుకు దాదాపు 3 కిలోల ఒత్తిడి, 140 డిగ్రీల పైన వేడి. గెలల పీచు, గింజల పెంకులే బాయిలర్‌కు వంటచెరకు. సారపాకలో కాగితానికి, పాల్వంచ, మణుగూరుల్లో కరెంటుకు, రైసుమిల్లుల్లో ఉప్పుడు బియ్యానికి కూడా ఆవిరే కావాలి.

మంట ఎక్కువై బాయిలర్ పేలుతుందని అనుకుంటాం. చాలాసార్లు నీళ్లు తక్కువై పేలుతుంది. 10 కిలోల ఒత్తిడి దగ్గర నీళ్లు మరిగేది సుమారు 184 డిగ్రీలకు. ట్యూబును మంట ఎంత కాల్చినా, అవతలి పక్కనున్న నీళ్లు ఆ వేడిని లాగేస్తుంటాయి. నీళ్లు దిగిపోతే ఆ ఉక్కు నిమిషాల్లో ఎర్రబారుతుంది. 450 డిగ్రీలు దాటాక మామూలు బాయిలర్ ఉక్కు బలం వేగంగా పడిపోతుంది. అప్పుడు పగిలితే, లోపలున్న ప్రతి వెయ్యి కిలోల నీటిలో దాదాపు 160 కిలోలు ఒక్కసారిగా ఆవిరైపోతాయి. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదులు తొమ్మిది నిండేంత ఆవిరి అది.

డీజిల్ బర్నరైతే స్విచ్ తీస్తే మంట ఆరిపోతుంది. ఊక, పీచు, కట్టె అలా కాదు. ఫ్యాన్ ఆపినా గ్రేటు మీది నిప్పు సెగ చిమ్ముతూనే ఉంటుంది. అందుకే మన ప్రాంతపు బాయిలర్లకు లోపలి నీటి మట్టం చూపే గేజ్ గ్లాసే ప్రాణం.

ఆ గాజు గొట్టంతో ఒక చిక్కుంది. పూర్తిగా నిండినా, పూర్తిగా ఖాళీ అయినా ఒకేలా తేటగా కనిపిస్తుంది. వెనక ఏటవాలు గీతల పలక పెడితే తేడా తెలుస్తుంది: నీళ్లున్న చోట గీతలు ఎదురు దిక్కుకు వాలినట్టు కనబడతాయి. డ్రెయిన్ కాక్ తిప్పి మూస్తే నీళ్లు దిగి, చటుక్కున పైకి రావాలి. నెమ్మదిగా వచ్చాయంటే దారి పూడుకుపోతోందన్నమాట.

గ్లాసులో నీళ్లు కనబడకపోతే చేయి ముందు బాయిలర్‌లోకి నీళ్లు పంపే ఫీడ్ పంపు మీదికే పోతుంది. అదే ప్రాణం తీసే పని. కాలిన ఉక్కు మీద చల్లనీళ్లు పడితే ఒక్కసారిగా ఆవిరి విరుచుకుపడుతుంది. ముందు ఊక వేయడం, ఫ్యాన్లు ఆపాలి. మనుషుల్ని దూరం పంపాలి. దానంతటది చల్లారాక పరీక్ష చేయించాలి.

బోరు నీళ్లను శుద్ధి చేయకుండా వాడితే ట్యూబులకు తెల్లటి పొర పడుతుంది, హీటర్ కడ్డీకి పట్టినట్టే. అది వేడిని ఉక్కు కన్నా పదుల రెట్లు తక్కువగా దాటనిస్తుంది. నీళ్లు నిండుగా ఉన్నా ఆ పొర కింద ట్యూబు కాలిపోతుంది. రోజూ బ్లోడౌన్ చేయమనేది, అంటే అడుగున చేరిన మడ్డి నీళ్లను బయటికి వదలమనేది ఇందుకే.

1863లో కలకత్తాలో బాయిలర్ పేలాక, 1864లో బెంగాల్‌లో తనిఖీ చట్టం వచ్చింది. 1923 నాటి చట్టం స్థానంలో ఇప్పుడు 2025 చట్టం అమల్లో ఉంది. బాయిలర్ ధ్రువపత్రం గడువు సాధారణంగా 12 నెలలు. రోజుకు 3 షిఫ్టుల లెక్కన మధ్యలో 1,095 షిఫ్టులు గడుస్తాయి. అన్ని షిఫ్టులూ ఆ గాజు గొట్టాన్ని చూసేది బాయిలర్ అటెండెంటు ఒక్కరే. లారీ దిగుమతికి మనిషి తక్కువయ్యాడని ఆయన్ను అక్కణ్నుంచి కదిలించకూడదు.