కీళ్ల నొప్పులు వేధిస్తున్నాయా? ముగ్గు, మల్లెపూలు, పొద్దుటి కాఫీ.. ఈ చిన్న సంతోషాలను మాత్రం వదులుకోకండి!

మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక ఇంట్లో ఒక్కో పనీ ఆగిపోతూ వస్తుంది. ముందు వాకిట్లో ముగ్గు ఆగుతుంది. తర్వాత గుడికి వెళ్లడం. ఆ తర్వాత పూలు కట్టుకోవడం, పక్కింటి వాళ్లతో కబుర్లు, పెళ్లిళ్లు, పేరంటాలు. చూస్తుండగానే మందులు, మంచం, టీవీ.. ఈ మూడే మిగులుతాయి. "అరిగిపోయిన గుజ్జు మళ్లీ రాదమ్మా, జాగ్రత్తగా చూసుకోవాలి" అని డాక్టర్ చెప్పేస్తారు. సరే.. మరి రోజు ఎలా గడవాలి? మందులు, వ్యాయామం గురించి అందరూ చెబుతారు. ఇష్టమైన పనులను ఎలా కాపాడుకోవాలో చెప్పేవాళ్లు తక్కువ. ఆ సంగతే ఇప్పుడు చూద్దాం.

ఆర్థరైటిస్ అంటే ఒకే జబ్బా?

కాదు. ఎక్కువ మందిలో కనిపించేది ఆస్టియో ఆర్థరైటిస్. అంటే కీళ్ల మధ్య ఉండే మృదులాస్థి అరిగిపోవడం. దీన్నే మనవాళ్లు 'గుజ్జు అరిగింది' అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 52.8 కోట్ల మంది దీనితో జీవిస్తున్నారు. వీరిలో దాదాపు 60 శాతం మంది మహిళలే.

రెండోది రుమటాయిడ్ ఆర్థరైటిస్. ఇందులో మన రోగనిరోధక వ్యవస్థే మన కీళ్లపై దాడి చేస్తుంది. 2019లో సుమారు 1.8 కోట్ల మందికి ఇది ఉంది. ఇక్కడ మహిళలు దాదాపు 70 శాతం. ఇది ముసలితనంలోనే రావాలని లేదు. 30, 40 ఏళ్ల వాళ్లకూ వస్తుంది. అందుకే "ఈ వయసులో నీకు నొప్పులేంటి?" అనే మాట వాళ్లను నొప్పి కంటే ఎక్కువ బాధపెడుతుంది.

సంతోషానికి, నొప్పికి లింకేంటి?

కాలికి దెబ్బ తగిలితే వెంటనే చేత్తో రుద్దుకుంటాం కదా. కాస్త ఉపశమనంగా ఉంటుంది. ఎందుకు? నొప్పి సంకేతాలు మెదడుకు వెళ్లే దారిలో, వెన్నుపాములో ఒక గేటు లాంటి ఏర్పాటు ఉంటుందని మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1965లో వివరించారు. స్పర్శ, ధ్యాస, మనసు ఉన్న స్థితి.. ఇవన్నీ ఆ గేటు ఎంత తెరుచుకోవాలో ప్రభావితం చేస్తాయి. దిగులుగా ఒంటరిగా ఉన్నప్పుడు అదే నొప్పి రెట్టింపు అనిపిస్తుంది. ఇష్టమైన పనిలో మునిగిపోతే కాసేపైనా వెనక్కి తగ్గుతుంది. నొప్పి ఉత్తదని కాదు. నొప్పి నిజమే, దాని తీవ్రత మాత్రం మారుతూ ఉంటుంది.

ఇంకో విషయం. నొప్పి ఉందని కదలడం మానేస్తే తొడ కండరాలు బలహీనపడతాయి. అప్పుడు మోకాలిపై భారం ఇంకా పెరుగుతుంది. నొప్పి పెరుగుతుంది. ఇంకా కదలం. ఈ చక్రంలో చిక్కుకున్న మనిషిని "వ్యాయామం చెయ్యి" అంటే లేవకపోవచ్చు. "మల్లె చెట్టు మొగ్గ వేసింది, చూద్దువుగాని రా" అంటే లేస్తారు. అసలు కిటుకు ఇదే.

రెన్వార్ ఏం చేశారంటే..

ఫ్రాన్స్‌కు చెందిన ప్రఖ్యాత చిత్రకారుడు పియర్ ఆగస్ట్ రెన్వార్‌కు 50 ఏళ్ల వయసులో రుమటాయిడ్ ఆర్థరైటిస్ వచ్చింది. అప్పట్లో ఇప్పుడున్న మందులేవీ లేవు. వేళ్లు వంకర్లు తిరిగాయి, చివరికి వీల్ చైర్‌కే పరిమితమయ్యారు. అయినా 1919లో చనిపోయే వరకు బొమ్మలు వేస్తూనే ఉన్నారు. అరచేతి చర్మం ఒరుసుకుపోకుండా గుడ్డ చుట్టుకునేవారు. కుంచెను ఎవరో చేతికి అందించేవారు. అంటే ఇష్టమైన పనిని ఆయన వదల్లేదు, చేసే పద్ధతి మార్చుకున్నారు. మనమూ అదే చేయొచ్చు.

పొద్దున లేవగానే..

ఆర్థరైటిస్ ఉన్నవాళ్లకు ఉదయం బిగుతు ఎక్కువ. ఆస్టియోలో సాధారణంగా అరగంటలోపు సర్దుకుంటుంది. రుమటాయిడ్‌లో గంట, అంతకు మించి కూడా ఉండొచ్చు. ఈ టైమ్‌లో హడావుడి పనులు పెట్టుకోవద్దు. మంచం మీదే పాదాలు పైకీ కిందికీ ఆడించండి. పిడికిలి మెల్లగా మూసి తెరవండి. గోరువెచ్చని నీళ్లలో చేతులు పెట్టండి.

తర్వాత కాఫీ. సన్నటి అంచున్న స్టీలు గ్లాసును వేళ్ల కొసలతో పట్టుకునే బదులు, పెద్ద పిడి ఉన్న కప్పు తీసుకోండి. రెండు చేతులతో పొదివి పట్టుకోండి. ఆ వేడి అరచేతులకు హాయిగా ఉంటుంది. ఎండ పడే చోట కూర్చుని, పేపర్‌ను ఒళ్లో కాకుండా టేబుల్ మీద పరుచుకుని చదవండి. రోజులో మొదటి అరగంట మీదే అనుకోండి.

ముగ్గు వేయాలనుంది, వంగలేను!

బొటనవేలు, చూపుడువేలు కలిపి పిండి పట్టుకోవడం వేళ్లకు కష్టం. వంగడం, గొంతుక్కూర్చోవడం మోకాళ్లకు కష్టం. ఈ రెండింటికీ ఉపాయం ఉంది. ఒక పీటను టేబుల్ మీద పెట్టుకుని, కుర్చీలో కూర్చుని దానిపై ముగ్గు వేయండి. తర్వాత ఎవరితోనైనా గడప దగ్గర పెట్టించండి. 21 చుక్కల ముగ్గు బదులు 5 చుక్కలది చాలు. సంక్రాంతికి పెద్ద ముగ్గు కావాలంటే మనవరాలి చేతికి పిండి ఇచ్చి, స్టూలు మీద కూర్చుని మీరు డైరెక్షన్ ఇవ్వండి. ఏ చుక్కకు ఏ చుక్క కలపాలో ఆ పిల్లకు యూట్యూబ్ కంటే మీరే బాగా చెబుతారు.

పూలు కట్టడానికీ ఇదే పద్ధతి. కింద కాళ్లు మడుచుకుని కూర్చోకుండా పూలను టేబుల్ మీద పోసుకోండి. సన్న దారం బదులు కాస్త లావు దారం వాడండి. నాలుగు మూరలు కాదు, జడలోకి సరిపడా కడితే చాలు. పది నిమిషాలకోసారి వేళ్లు చాపండి. అదీ కుదరని రోజు గుప్పెడు విడి మల్లెలు నీళ్ల గిన్నెలో వేసి తల దగ్గర పెట్టుకోండి. వాసన పీల్చడానికి వేళ్లతో పనిలేదు కదా.

ఆవకాయ సీజన్ వస్తే?

కాయలు కొట్టడం, జాడీలు ఎత్తడం ఇక మీ పని కాదు. కాయలను మార్కెట్లోనే ముక్కలు కొట్టించుకోవచ్చు. పెద్ద జాడీ బదులు నాలుగు చిన్న సీసాలు పెట్టుకోవచ్చు. కానీ ఉప్పు, కారం, ఆవపిండి పాళ్లు చెప్పాల్సింది మీరే. కలిపిన బేసిన్‌లో వేడి అన్నం వేసి కలిపి ముద్దలు పెట్టేది కూడా మీరే. అసలు ఆనందం అక్కడే ఉంది.

రోజువారీ వంటలోనూ చిన్న మార్పులు చాలు. కత్తిపీట మానేసి టేబుల్ మీద చాకు వాడండి. చాకు, గరిటె పిడులకు గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు సులువవుతుంది. కుక్కర్‌ను ఒంటి చేత్తో ఎత్తొద్దు. సీసా మూతను వేళ్లతో కాకుండా అరచేత్తో తిప్పండి.

గుడికి వెళ్లాలని ఉంటే..

అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు. శ్రీవారి మెట్టు దారిలో 2,388. ఒకప్పుడు గబగబా ఎక్కినవాళ్లకు ఇప్పుడు బస్సులో వెళ్లాలంటే మనసు ఒప్పుకోదు. కానీ మెట్లెక్కలేమని కొండకే వెళ్లకుండా ఉండటంలో అర్థం లేదు. ఊళ్లో గుడికి రద్దీ లేని రోజున, రద్దీ లేని టైమ్‌లో వెళ్లండి. 11 ప్రదక్షిణలు చేయలేకపోతే మూడు చేయండి, అదే మీ వాకింగ్. రాతినేల ఇబ్బంది పెడితే మెత్తటి సాక్సులు వేసుకోండి. చేతికర్ర వాడుతుంటే నొప్పి ఉన్న మోకాలికి ఎదురు వైపు చేత్తో పట్టుకోవాలి. అంటే కుడి మోకాలు నొప్పయితే కర్ర ఎడమ చేతిలో ఉండాలి. చాలామంది రివర్స్‌లో పట్టుకుంటారు.

ఫోన్ కూడా ఒక సంతోషమే. అయితే బొటనవేలితో అదేపనిగా పైకి జరుపుతూ ఉంటే వేలి మొదట్లో నొప్పి వస్తుంది. ఫోన్‌ను స్టాండ్‌కు పెట్టి వీడియోలు చూడండి. టైప్ చేయకుండా తెలుగులో మాట్లాడి వాయిస్ మెసేజ్ పంపండి. అక్కకో, చెల్లికో మీ గొంతు వినిపిస్తే వాళ్లకూ సంతోషమే.

బాగున్న రోజే అసలు ప్రమాదం

నొప్పి తక్కువగా ఉందని ఒకేరోజు ఇల్లంతా దులిపేసి, మర్నాడు మంచం ఎక్కేవాళ్లు ఎందరో. అందుకే నొప్పి వచ్చాక కాదు, రాకముందే ఆపాలి. 20 నిమిషాలు పని, కాసేపు విశ్రాంతి. ఒక పని చేశాక మామూలు కంటే ఎక్కువ నొప్పి 2 గంటలు దాటినా తగ్గలేదంటే ఆ పని ఎక్కువైందని గుర్తు. ఈసారి సగమే చేయండి. పూర్తిగా మానేయొద్దు.

పొలం పనికి వెళ్లేవాళ్లు, నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల వైపు బీడీలు చుట్టే అక్కలు.. వీళ్లకు ఆపే వీలు ఉండదు. వేళ్లు ఆడితేనే కూలి. అలాంటప్పుడు గంటకోసారి రెండు నిమిషాలు వేళ్లు చాపడం, పక్కన పాటలు పెట్టుకోవడం, నలుగురూ కలిసి కూర్చుని పని చేసుకోవడం.. ఇవి చిన్నవే అయినా రోజును మోసేది ఇవే.

నొప్పి విపరీతంగా ఉన్న రోజుల కోసం

ముందే ఒక లిస్టు రాసి ఫ్రిజ్ మీద అతికించండి. పడుకుని కూడా చేయగలిగేవే అందులో ఉండాలి. ఘంటసాల, సుశీల పాటలు. పాత పెళ్లి ఫొటోలు. వేడి వేడి రాగి జావ. దూరంగా ఉన్న స్నేహితురాలికి ఫోన్. నొప్పి తీవ్రంగా ఉన్నప్పుడు బుర్ర పనిచేయదు, లిస్టు ఉంటే వెతుక్కోనక్కర్లేదు. కీలు బిగుసుకుంటే వేడి కాపడం, వాచి వేడిగా ఉంటే గుడ్డలో చుట్టిన ఐస్ 15 నిమిషాలు. షుగర్ వల్ల చేతులు, కాళ్లు తిమ్మిర్లు ఉన్నవాళ్లకు వేడీ చల్లదనం సరిగా తెలియవు. వాళ్లు ఈ కాపడాలు పెట్టుకునే ముందు డాక్టర్‌ను అడగాలి.

ఇంట్లో వాళ్లకు ఒక మాట

"నువ్వు కూర్చో అమ్మా, అన్నీ మేం చూసుకుంటాం".. ప్రేమతోనే అంటాం. కానీ అన్నీ లాగేసుకుంటే ఆ మనిషికి మిగిలేది నొప్పే. బరువు పని మీరు తీసుకోండి, ఇష్టమైన పని వాళ్లకు వదలండి. నీళ్ల బకెట్ మీరు మోయండి, తులసి చెట్టుకు చెంబుతో పోసేది అత్తయ్య. కూరగాయల సంచి మీరు పట్టుకోండి, రైతు బజార్‌లో బెండకాయ ముదురో లేతో తేల్చేది నాన్న. నిన్న నడిచారు, ఇవాళ నడవలేనంటున్నారంటే నటన అనుకోవద్దు. ఈ జబ్బు రోజుకో తీరుగా ఉంటుంది.

ఇవి మాత్రం మర్చిపోవద్దు

* మెడికల్ షాపులో అడిగి నొప్పి మాత్రలు నెలల తరబడి వాడొద్దు. కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్యలు రావొచ్చు.

* రుమటాయిడ్‌కు ఇచ్చే మెథోట్రెక్సేట్ మాత్ర సాధారణంగా వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణాపాయం. ఏ వారమో క్యాలెండర్‌లో రాసుకోండి.

* రెండు చేతుల చిన్న కీళ్లు వాచి, ఉదయం బిగుతు గంటకు పైగా ఉంటే రుమటాలజిస్టును త్వరగా కలవండి. మందులు ఎంత ముందుగా మొదలైతే కీళ్లు అంత దక్కుతాయి.

* ఒక కీలు ఉన్నట్టుండి ఎర్రబడి వాచి, జ్వరం కూడా ఉంటే అదే రోజు ఆస్పత్రికి వెళ్లాలి.

* రెండు వారాలకు పైగా దేని మీదా ఆసక్తి లేకుండా దిగులుగా ఉంటే డాక్టర్‌కు చెప్పండి. టెలి మానస్ ఉచిత నంబర్ 14416కు ఫోన్ చేసి మాట్లాడొచ్చు.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి? నొప్పుల వల్ల మీరు మానేసిన పనుల్లో బాగా గుర్తొచ్చేది ఏది? ముగ్గా, పూలా, గుడా, పేరంటమా? ఒక్కటి ఎంచుకోండి. దాన్ని ఎంత చిన్నగా చేయొచ్చో, ఎక్కడ కూర్చుని చేయొచ్చో, ఎవరు సాయం పట్టాలో ఆలోచించండి. మందుల టైమ్ రాసుకున్నట్టే దీనికీ ఒక టైమ్ రాసుకోండి. ఈ వారానికి ఆ ఒక్కటి చాలు.

గమనిక: ఈ కథనం అవగాహన కోసం మాత్రమే. మందులు, వ్యాయామాల విషయంలో మీ డాక్టర్ సలహా తప్పనిసరి.